అశ్వత్థామ అడిగిన పాలు

పండుగ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో కొత్త బట్టలతో పాటు పిల్లల కోరికల చిట్టా కూడా తయారవుతుంది. సింగపూరు బళ్ళలో అందరికీ యూనిఫాం కాబట్టి తేడాలు ఉండవనుకుంటాం. ఉంటాయి. చొక్కాలో లేని తేడా బూట్లలోకి, నీళ్ళ సీసాలోకి, చివరికి సంచికి వేలాడే బొమ్మలోకి వెళ్ళి కూర్చుంటుంది.

2024లో ఒక థాయ్ గాయని తన సంచికి లబూబూ బొమ్మ తగిలించుకుని కనబడిన తరువాత ఇక్కడ కూడా జనం దానికోసం ఎగబడ్డారు. మా పన్నెండేళ్ళ అమ్మాయీ అడిగింది. మూసిన పెట్టెలో ఏ బొమ్మ ఉందో తెలియకుండా కొనాలి, నచ్చింది రాకపోతే మళ్ళీ కొనాలి. జూదం మనిషిని పట్టుకునేదీ ఇలాగేనని వైద్యులుగా మాకు తెలుసు. వద్దన్నాం. తరువాత ఆమె ముఖం చూడలేక, ఒక దుకాణంలో అచ్చం అలాంటిదే నాలుగో వంతు ధరకు దొరికితే తెచ్చి ఇచ్చాం. తెలివైన పని చేశామనుకున్నాం కూడా! మరునాడు బడిలో పిల్లలు బొమ్మ పళ్ళు లెక్కపెట్టారు. అసలు దానికి తొమ్మిది ఉంటాయి, మాదానికి పది. సాయంత్రం అమ్మాయి ఏమీ మాట్లాడకుండా దాన్ని విప్పి సొరుగులో పడేసింది.

ఆ రాత్రి మాకు అశ్వత్థామ గుర్తొచ్చాడు. భారతం ఆదిపర్వంలో ద్రోణుడే ఈ సంగతి భీష్ముడితో చెప్పుకుంటాడు. ధనవంతుల పిల్లలు పాలు తాగుతుంటే చూసి పసివాడు తనకూ కావాలని ఏడ్చాడు. తండ్రి ఎంత తిరిగినా ఒక్క ఆవు దొరకలేదు. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్ళు ఇస్తే, అవే పాలనుకుని తాగి గంతులు వేశాడు. వాళ్ళు నవ్వారు, తండ్రినీ కలిపి ఎగతాళి చేశారు. ఆ మాట ద్రోణుడికి తగిలింది. ద్రుపదుడి దగ్గరికి వెళ్ళడం, అవమానం, పగ, సగం రాజ్యం లాక్కోవడం, ధృష్టద్యుమ్నుడు పుట్టడం మనందరికీ తెలిసిన కథే. అయితే ఆ తరువాత పాల మాట ఎక్కడా లేదు. పిల్లవాడి కోరిక పోయి తండ్రి పరువు మిగిలింది. మా ఇంట్లోనైతే పిండినీళ్ళు ఇచ్చింది తోటి పిల్లలు కాదు, మేమే.

పిల్లల బాధ నాటకం కాదు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, కంప్యూటరు బంతి ఆటలో తమకు బంతి వేయకుండా వదిలేసినప్పుడు, ఒంటికి నొప్పి కలిగితే పనిచేసే మెదడు భాగమే పనిచేసినట్లు కనిపించింది. "మా రోజుల్లో..." అని మొదలయ్యే ఉపన్యాసం ఆ నొప్పికి మందు కాదు. అయినా మా రోజుల్లో మేము మాత్రం ఏం చేశాం? వైద్యం చదవడానికి ఇంగ్లండు వెళ్ళిన కొత్తలో, తోటివారిలో తక్కువ కాకూడదని అప్పు చేసి ఖరీదైన కోటు కొన్నాం. ఇక్కడివారు కియాసు అంటారే, అది పిల్లలకంటే ముందు పెద్దలకే ఉంటుంది.

ఇప్పుడు బూట్లకొక పద్ధతి పెట్టుకున్నాం. మామూలు కాన్వాసు బూట్ల ధర మేమిస్తాం. ఆపైన కంపెనీ పేరుకయ్యేది, దీపావళికి పెద్దలిచ్చిన డబ్బులోంచి తనే పెట్టుకోవాలి. అమ్మాయి క్వీన్స్‌వే షాపింగ్ సెంటరుకు వెళ్ళి ధరలు రాసుకొచ్చింది. రెండు వారాలు లెక్కలు వేసింది. మానేస్తుందనుకున్నాం, కొనుక్కుంది! నోటిదాకా వచ్చిన మాట మింగేశాం.

నకిలీ బొమ్మ ఇచ్చినందుకు మాత్రం తప్పు మాదేనని చెప్పాం. "అసలుది కొనలేమని చెప్తే సరిపోయేది కదా నాన్నా" అంది. కొనలేక కాదు, వద్దనుకుని కొనలేదని ఆమెకు ఎలా చెప్పాలో ఇంకా వెతుక్కుంటున్నాం.