పెట్టుడు చీరెల లెక్క

చెల్లే, బతుకమ్మ పండుగ ఇంకా మస్తు దూరమున్నది, ఇప్పుడే బట్టల ముచ్చటేందని నవ్వకు. పండుగ మీదికొచ్చినంక చెప్తే ఎవ్వలింటరు? అప్పటికి మనం బట్టల షాపుల తెల్ల పరుపు ముంగట కూసుంటం. షాపాయన ఒకదానెనుక ఒకటి చీరెలు ఇప్పి ఏస్తనే ఉంటడు. ఇన్ని ఇప్పిచ్చి ఉత్త చేతులతోని లేస్తే ఏమనుకుంటడో అని, మొకమాటానికి ఇంకొకటి పక్కకు పెట్టిస్తం. ఆడ లెక్కలు యాదికి రావు. ఇంట్ల నిమ్మళంగ కూసున్నప్పుడే మాట్లాడుకోవాలె.

మన ముస్తాబాద్ దిక్కు ఏ ఇంటికి పోయినా రెండు మాటలు ఇనబడ్తయి. "పైసలన్ని బట్టలకే పోతున్నయే" అనేది ఒకటి. "కట్టుకుందామంటే ఒక్క మంచి చీరె లేదు" అనేది ఇంకోటి. ఒకటే మనిషి, ఒకటే పూట రెండూ అంటది. రెండూ నిజమే చెల్లే. ఎట్లనో చెప్త.

మొన్న మా పక్కింటి వదినె బీరువ సదురుతుంటే సాయం పోయిన. చీరెలన్ని మంచం మీద కుప్పవోసినం. "వీటిల నువ్వు నీకోసమని కొనుక్కున్నయి ఒక దిక్కు పెట్టు వదినె" అన్న. పెట్టింది. చిన్న కుప్ప అయింది. ఒక పట్టుచీరె, రెండు మూడు కాటన్‌వి, రోజూ ఇంట్ల కట్టేటియి కొన్ని. మిగిలిన పెద్ద కుప్పంత ఒకలు పెట్టినయే. అండ్లకెళ్లి ఒకటి చేతిలకు తీసుకొని చూసిన. ప్లాస్టిక్ కవరు ఇంకా ఇప్పలే. ధర చీటిని గోరుతోని గీకిన జాడ కనబడ్తున్నది. మడత కాడ రంగు ఎలిసింది. కనుము కత్తిరియ్యనే లేదు. "ఇదెవలు పెట్టిన్రు?" అంటే వదినె కొంచెంసేపు సోంచాయించి, "మా యారాలి చెల్లె ఇంట్ల తొట్టెల నాడు అనుకుంట. మల్ల ఎవలికన్న పెట్టొచ్చని దాసిన" అన్నది. గా చీరె అప్పటికి ఎన్ని ఇండ్లు తిరిగిందో ఎవలికెరుక? కట్టుకున్నోళ్లయితే ఒక్కలు లేరు.

ఇదే చెల్లే పెట్టుడు చీరె. షాపుల అడుగు పెట్టంగనే "కట్టుకునేటియా, పెట్టేటియా?" అని అడుగుతరు. పెట్టేటియంటే ఇంకో అర చూపెడ్తరు. అండ్ల ధర చూస్తం, కవరు మెరుస్తుందా చూస్తం. గుడ్డ ఎట్లున్నది, రెండు ఉతుకులకు ఆగుతదా అని చూసేటోళ్లు తక్కువ. ఎందుకంటే మనం కట్టేది కాదు, తీసుకున్నామె కూడా కట్టదని మనకు తెలుసు.

మన దిక్కు పెట్టుడు ఒక్కనాటిది కాదు గద. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తే చీరె, అల్లునికి బట్టలు, ఆమె అత్తకు చీరె. పిల్ల పుడ్తే ఇరవై ఒకటో దినం, తొట్టెల. ఎంటికలు తీస్తే బట్టలు. పిల్ల పెద్దగైతే చీరెల ఫంక్షన్, పిలగానికి దోతుల ఫంక్షన్. కొత్తిల్లు కడ్తే బట్టలు. పెండ్లి సంగతి చెప్పే పనే లేదు. ఆఖరికి దినాలప్పుడు కూడా చీరె, తువ్వాల పట్టుకొని పోవాలె. ఇవన్ని తప్పని నేనంటలేను. పుట్టింటి చీరె చేతిల పడ్డప్పుడు ఆడిపిల్ల మొకంల కనిపిచ్చే సంబురం నాకూ తెలుసు. తల్లి పెట్టిన చీరెను మనం కట్టుకుంటం కూడా. నేను చెప్పేది దూరపు వరుసలోళ్ల నడుమ తిరిగే చీరెల సంగతి. అక్కడ పెట్టినామెకు ఖర్చు, తీసుకున్నామెకు బీరువల జాగ దండుగ.

మరి ఎందుకు ఆగదు? ఇంట్ల ట్రంకు పెట్టెల ఒక నోటుబుక్కు ఉంటది చూడు, పెండ్లినాడు కట్నాలు రాసినది. ఫలానా ఊరోళ్లు నూటపదార్లు, ఫలానోళ్లు చీరె, ఫలానోళ్లు గిన్నె అని వరుసగ రాసి ఉంటది. వాళ్లింట్ల పని పడ్డప్పుడు గా బుక్కు తీసి చూస్తం, అంతకు తక్కువ కాకుంట పెడ్తం. మనం పెట్టింది మల్ల వాళ్ల బుక్కుల ఎక్కుతది. అంటే మన బట్టల ఖర్చుల కొంత ఎప్పుడో వేరేటోళ్లు రాసి పెట్టినదే. "నేను పొదుపు జేస్త" అని ఒక్కదానివే ఒట్టు పెట్టుకుంటే అందుకే నిలువదు. రాబోయే ఏడాదిల ఎవలెవలింట్ల పనులున్నయో, వాళ్లు మనకేం పెట్టిన్రో గా బుక్కుల చూసి ముందుగాలనే ఒక కాయితం మీద రాసుకో. నీ బట్టల బడ్జెట్ ఆడినుంచే మొదలు.

ముందుగాల రాసుకునుడు కొత్తదేం కాదు. జపాన్ దేశంల హానీ మోతోకో అని ఒకామె ఉండె. పత్రికల పనిజేసిన మనిషి. 1904ల ఆమె ఆడోళ్ల కోసం ఇంటి లెక్కల పుస్తకం తయారుజేసింది. దాన్ని వాళ్లు కకేబో అంటరు. ఖర్చు కాకముందే దేనికెంతని వేరు జేసి రాసుకునుడు దాని పద్ధతి. మనకు కొత్త పుస్తకం అక్కర లేదు చెల్లే. గోడకున్న క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తనే ఉన్నం గద, గా పక్కనే బట్టల లెక్క కూడా రాయి.

మన దిక్కు పైసలు అందరికి ఒక్కతీరుగ రావు. సాంచాల మీద జేసేటోళ్లకు వారానికి కూలి. బీడీలు చేసేటోళ్లకు నెలకోసారి. వరి ఏసినోళ్లకు ఏడాదికి రెండుసార్లు. కోరుట్ల, జగిత్యాల దిక్కు దుబాయి, మస్కట్ పోయినోళ్ల ఇండ్లల్ల పైసలు ఎప్పుడొస్తే అప్పుడే. పండుగలు, పెండ్లిళ్లు మాత్రం గుంపుగ వస్తయి. పైసలు ఒకప్పుడు, ఖర్చు ఇంకొకప్పుడు. ఆ నడిమిట్లనే అప్పు దూరుతది. వందకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి పెండ్లి బట్టలు కొన్నవనుకో. నెలకు 300. పది నెలలు తీర్చకపోతే వడ్డీయే 3,000. రోజూ కట్టే గిరిగిరి పైసలతోని తెస్తే వడ్డీ ఎంత పడ్డదో కూడా తెల్వది, రోజుకింత పోతుంటది గద. బర్రె కొనేతందుకు, కుట్టుమిషన్ కొనేతందుకు తెచ్చిన మహిళా సంఘం లోను పెట్టుడు చీరెలకు మలిపితే బర్రె రాదు, కిస్తు ఆగదు.

ఒక లెక్క చెప్త, నీ ఇంటికి తగ్గట్టు మార్చుకో. బట్టలకు ఏడాదికి 18,000 అనుకుందాం. అండ్ల దసరాకు పిల్లలకు, ఇంటాయనకు, అత్తమ్మకు 7,000. పెట్టుడుకు 6,000. నీ బట్టలకు 3,000. కుట్టుకూలి, ఫాల్, పీకో అన్ని కలిపి 2,000. మొత్తం నెలకు 1,500 పడ్తది. బ్యాంకుల ఏడాది ఆర్డీ కట్టు, లేకపోతే నమ్మకమైన చిట్టి ఎయ్యి. దసరా నెలకు ముందు చేతికొచ్చేటట్టు చూసుకో. పెట్టుడు పైసలు 6,000 అయిపోయినయంటే ఇగ మిగిలిన పనులకు చేతనైనంత కట్నం రాపిచ్చుడే, చీరె లేదు. నీ 3,000 మాత్రం ఎవలికోసం తీయకు. మనం ఎప్పుడు కోతపెట్టినా మొదలు మన దాంట్లనే పెడ్తం. గందుకే బీరువ నిండ చీరెలున్నా కట్టుకునేది లేదంటం.

ఇంకో ముచ్చట. చీరె ధర షాపుతోని అయిపోదు. 1,500 పెట్టి చీరె తెస్తం. ఫాల్ కుట్టియ్యాలె, కొంగుకు కుచ్చులెయ్యాలె, లైనింగు జాకెట్ కుట్టియ్యాలె. మగ్గం వర్క్ అంటే కొన్నిసార్లు చీరె కంటె జాకెటే ఎక్కువైతది. ఆ జాకెట్ ఇంకో చీరె మీదికి రాదు, రెండేండ్లకు ఒంటికి పట్టదు. కుట్టిచ్చేటప్పుడే టైలరమ్మకు చెప్పు, లోపల పక్కకుట్ల కాడ బట్ట ఎక్కువ ఇడిచిపెట్టమని. లావైతే కుట్లు ఇప్పుకుంటె సాలు. వర్క్ చేపియ్యాల్నంటే బంగారు రంగు దారంతోని ఒక్కటి చేపిచ్చుకో, నాలుగైదు చీరెల మీదికి పనికొస్తది. 6,000 పట్టుచీరె మూడుసార్లు కట్టి మడతపెడ్తే ఒక్కొక్కసారికి 2,000 పడ్డట్టు. 600 కాటన్ చీరె అరవైసార్లు కడ్తే సారికి పది రూపాయలు.

రెడీమేడ్ బట్టల కాడ కూడా ఒక కిటుకున్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. కుట్టిన బట్ట ఒక్కటి 2,500 దాకా ఉంటె 5 శాతం, దాటితే 18 శాతం. పిల్లకు ఫంక్షన్ డ్రెస్సు 2,500 అయితే పన్నుతోని 2,625. అదే 2,600 అయితే 3,068. నూరు రూపాయల తేడాకు 443 ఎక్కువ కట్టినట్టు. పన్ను కలిపి చెప్తున్నవా, కలుపకుంటనా అని మొదలే అడుగు.

"అక్కా, మనం చీరెలు కొనుడు తగ్గిస్తే మన సిరిసిల్ల సాంచాలు బంద్ కావా?" అంటవేమో. అడుగాల్సిన మాటే. సిరిసిల్ల సాంచాల మీద ఎక్కువగ పాలిస్టర్ గుడ్డ, లంగాల బట్ట నేస్తరు. 2017ల బతుకమ్మ చీరెలు మొదలైనంక సర్కారు ఆర్డర్ వచ్చి పని దొరికింది. ఏడాదికి దగ్గర దగ్గర కోటి చీరెలు. మామూలుది జాకెట్‌తోని 6.30 మీటర్లు, ముసలవ్వలకు 9 మీటర్లు. 2023తోని గవి ఆగినయి. 2025 నవంబర్‌ల ఆడోళ్లకు ఇందిరమ్మ చీరెలు ఇచ్చుడు మొదలైంది, అవి కూడా ఈడనే నేసినయి. మనం షాపుల కొనే మెరుపుల పెట్టుడు చీరెలు చాలామటుకు సూరత్ సరుకు. గవి తగ్గిస్తే మన సాంచాలకు వచ్చే తిప్పలేం లేదు. పెట్టుడుకు మూడు చీరెలు కొనే పైసలతోని ఒక మంచి చేనేత చీరె కొను. పక్కనే సిద్దిపేట గొల్లభామ చీరెలున్నయి. చల్ల గురిగి పట్టుకొని నడిచే గొల్లభామ బొమ్మను మగ్గం మీద నేసేటోళ్లు కొద్దిమందే మిగిలిన్రు. గది కొంటే నేతాయన చేతికి కూలి, నీ ఒంటికి చీరె.

ఇగ అసలు పని. వాపసు పెట్టే వరుస ఆగాల్నంటే అవతలోళ్లు కూడా ఒప్పుకోవాలె. ఒక్కదానివే ఆపితే "చేతుల లేదేమో" అంటరు, లేకపోతే "గీరెక్కింది" అంటరు. పదిమంది కలిసి అనుకుంటె ఎవలేమంటరు? సంఘం మీటింగుల అందరు ఉన్నప్పుడు ఎత్తు ఈ ముచ్చట. మన సంఘపోళ్ల నడుమ తొట్టెల, ఎంటికలు, కొత్తిల్లు పనులకు చీరెలు పెట్టుకునుడు బంద్, తలా ఇంత ఏసుకొని పనైతున్న ఇంటికి పైసలే ఇద్దామని తీర్మానం రాపియ్యి. సంతకాలు వెట్టుడు మనకు అలవాటే గద. ఒడిబియ్యం, పెండ్లి మాత్రం ఎవలిష్టం వాళ్లది.

ఇంట్లోళ్ల కాడ ఇంకా సులువు. మీ వదినెకు ఫోన్ చేసి సక్కగ అడుగు: "వదినె, ఈసారి నీకు చీరె పెట్టుమంటవా, ఆ పైసలు పిల్ల ఫీజుకు ఇయ్యుమంటవా?" ఆమె ఏమంటదో నాకు తెలుసు. "నేనే నిన్ను అడుగుదామనుకున్ననే, ఎట్ల అడుగాలె అని ఊకున్న" అంటది. రెండు దిక్కులా అదే మాట గొంతుల ఉంటది, ఎవలో ఒకలు ముందు అడుగాలె. పెద్దదానివైనా చిన్నదానివైనా, ఈ దసరాకు ఆ ఫోన్ నువ్వే చెయ్యి చెల్లే.