చికాగో విమానం ఐదు గంటలేనా?



ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. ఆ దారి మీద ఏడో తరగతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చాం. జనవరిలో ఒక రోజు మధ్యాహ్నం 1 గంటకు హైదరాబాద్‌లో బయలుదేరిన విమానం, అదే రోజు సాయంత్రం 6 గంటలకు చికాగోలో దిగింది. ప్రయాణం ఎంతసేపు? చాలామంది వెంటనే ‘ఐదు గంటలు టీచర్’ అన్నారు.

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగితే ఆ తీసివేత సరిపోతుంది. రెండు ఊళ్లలోనూ టైం ఒకటే. చలికాలంలో చికాగో టైం మాత్రం మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం 6 అయితే మనకు మర్నాడు తెల్లవారుజామున 5.30. అంటే ప్రయాణం 16 గంటల 30 నిమిషాలు.

జవాబు సరిచూసుకోవడం కూడా నేర్పాం. ఈ రెండు విమానాశ్రయాల మధ్య అతి తక్కువ దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. దాన్ని 5తో భాగిస్తే గంటకు 2,656 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పటి ప్రయాణికుల విమానాలేవీ అంత వేగంగా వెళ్లవు. 16.5తో భాగిస్తే సుమారు 805. ఇది నమ్మదగిన వేగం.

ఇంట్లో గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూపించండి. గోడ మీది మ్యాపులో చికాగో పడమరన కనిపిస్తుంది. గ్లోబు మీద దారం మాత్రం ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళుతుంది.

తీసివేత పిల్లలకు వచ్చు. ‘ఎక్కడి టైం?’ అని ఒక్క క్షణం ఆగి అడగడమే అలవాటు కావాలి. అమెరికాలో ఉన్న అత్తయ్యకో బాబాయికో ఈసారి ఫోన్ చేసేముందు, అక్కడ ఇప్పుడు టైం ఎంతో పిల్లల్నే చెప్పమనండి. వేసవిలో ఈ తేడా ఒక గంట తగ్గుతుందని గుర్తు చేయండి.