నొప్పి లేదని ఊరుకోకండి: పెద్దవారి పాదాల సంరక్షణ

ఈ సంచికలో మన ఇళ్లలో ఉన్న అవ్వాతాతల పాదాల గురించి తెలుసుకుందాం. పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు మన పల్లెల్లో అరవై, డెబ్బై ఏళ్లు దాటినవారు కూడా పాలు పోయడానికి పోతారు, టమోటా తోటకు నీళ్లు కడతారు, మేకలు తోలుకుపోతారు. వారి బ్రతుకు వారి కాళ్ల మీద నిలబడి ఉంది. అయినా ఆసుపత్రికి వచ్చినప్పుడు బి.పి. చూడమంటారు, షుగరు చూడమంటారు గాని, పాదాలు చూడమని అడిగేవారు తక్కువ. మేము అడిగి చెప్పులు విప్పించినప్పుడు మాత్రమే లోపలి పుండు బయటపడుతుంది. "నొప్పి లేదు కదమ్మా, అందుకే చెప్పలేదు" అంటారు. ఈ మాట ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికే ఈ పాఠం.

వయస్సుతో పాదంలో వచ్చే మార్పులు

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వాటి కింద, మడమ దగ్గర, వేళ్ల మొదళ్ల దగ్గర దూదిపరుపులాగా కొవ్వు పొర ఉంటుంది. వయస్సు పెరిగే కొద్దీ ఈ పొర పలచబడుతుంది. అందుకే "రాళ్ల మీద నడిచినట్లు ఉంది" అని పెద్దవారు అంటారు. ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు సడలి పాదం వెడల్పవుతుంది. పదేళ్ల కిందటి కొలతతో చెప్పులు కొంటే ఇరుకవుతాయి. చర్మంలో నూనె తగ్గి పొడిబారుతుంది, చలికాలంలో మడమలు పగులుతాయి. గోళ్లు మందమవుతాయి. రక్తప్రసరణ తగ్గుతుంది. నడుము వంగదు, కంటిచూపు మందగిస్తుంది గనుక తమ అరికాలు తామే చూసుకోలేరు.

ఇవన్నీ సహజమైన మార్పులే. జాగ్రత్తతో సర్దుకోవచ్చు. అయితే వీటికి తోడు స్పర్శ కూడా పోతే అది వేరే సంగతి.

నొప్పి చేసే మేలు

ఈ విషయం ప్రపంచానికి తెలిసింది మనకు దగ్గరలోనే. చిత్తూరు దాటితే వచ్చే వేలూరును మన పెద్దలు రాయవేలూరు అంటారు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే ఎముకల శస్త్రవైద్యుడు వచ్చారు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టినవారు. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల వేళ్లు వ్యాధి వలననే కుళ్లి రాలిపోతాయని అందరూ నమ్మేవారు. వైద్యులు కూడా అలాగే అనుకునేవారు. డాక్టర్ బ్రాండ్, ఆయన తోటివారు రోగులను రోజూ గమనించారు. వేళ్లు తమంతట తాము రాలడం లేదని, స్పర్శ పోయినందువలన కాలినా, కోసుకున్నా, ముల్లు దిగినా రోగికి తెలియక, అదే గాయం మీద నడుస్తూ పోవడం వలన పాదం పాడవుతున్నదని కనుగొన్నారు.

కొందరికి సాయంత్రం ఉన్న వేలి ముక్క తెల్లవారేసరికి కనబడేది కాదు. రాత్రి కాపలా ఉండి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. నిద్రపోయేవారికి నొప్పి తెలియదు గనుక మెలకువ రాలేదు. ఆ తరువాత రోగులకు పిల్లులను ఇచ్చి పెంచుకోమన్నారు.

1955లో వేలూరు దగ్గర కరిగిరిలో కుష్ఠు పరిశోధన ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడా, వేలూరులోనూ నేర్చుకున్న ముఖ్యమైన పాఠాలు రెండు. మొదటిది, అరికాలి పుండుకు మందు కంటే ముందు విశ్రాంతి కావాలి. పాదానికి పట్టీ కట్టి బరువు తగ్గిస్తే, ఏళ్ల తరబడి మానని పుండ్లు కూడా మానాయి. రెండవది, మానిన పాదానికి మళ్లీ పుండు రాకుండా సరైన చెప్పులు కావాలి. మెత్తని రబ్బరుతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులు అలా వచ్చినవే. డాక్టర్ బ్రాండ్ 1966లో అమెరికాకు వెళ్లి, ఇక్కడ నేర్చుకున్నదే షుగరు రోగుల పాదాలకు ఉపయోగించారు. ఆయన 2003లో మరణించారు.

ఇప్పుడు మన ఇళ్లలో జరుగుతున్నది

దేశం మొత్తం లెక్కలో కుష్ఠు 2005 డిసెంబరు నాటికి పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు తగ్గింది. పూర్తిగా పోలేదు గాని, ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దానికి ఉచితంగా మందులు ఇస్తారు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ కనబడితే దాచవద్దు. అదే సమయంలో షుగరు జబ్బు పెరిగింది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉంది. చాలా ఏళ్లు షుగరు అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిరి, అరికాళ్ల మంటలు, చీమలు పాకినట్లు ఉండటం. ఆ తరువాత అవి కూడా తగ్గిపోతాయి. "మంటలు తగ్గాయి, నయమైంది" అని ఇంటివారు సంతోషిస్తారు. కాని అది నయం కావడం కాకపోవచ్చు. నరం పూర్తిగా మొద్దుబారి ఉండవచ్చు.

డ్రెస్సింగు గదిలో మేము తరచుగా చూసే వరుస ఇది. చెప్పులో చిన్న రాయి, లేక తుమ్మముల్లు. రెండు రోజులు తెలియదు. మూడవ రోజు చెడు వాసన వస్తుంది, ఇంటివారు అడుగుతారు. పసుపు పెడతారు, ఇంకో వారం గడుస్తుంది. పాదం వాచి జ్వరం వచ్చిన తరువాత ఆసుపత్రికి వస్తారు. అప్పటికి చీము ఎముక వరకు పోతే వేలు, కొన్నిసార్లు పాదమే తీసివేయవలసి వస్తుంది. మొదటి రోజు సాయంత్రం ఎవరైనా ఆ అరికాలు చూసి ఉంటే ముల్లు తీసివేయడంతో సరిపోయేది.

ఇంట్లో చేయగల స్పర్శ పరీక్ష

ఆసుపత్రిలో సన్నని నైలాను పోగుతో ఈ పరీక్ష చేస్తాము. ఇంట్లో చేయడానికి ఇంగ్లండులోని ఇప్స్విచ్ పట్టణపు వైద్యులు 2011లో ఒక సులభమైన పద్ధతి తెలియజేశారు. ఏ పరికరమూ అక్కర లేదు.

1. పెద్దవారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. తాకినప్పుడు "కుడి" లేక "ఎడమ" అని చెప్పమనండి.

2. మీ చూపుడువేలి కొనతో వారి కుడి బొటనవేలి కొనను ఒకటి రెండు సెకండ్లు మెల్లగా తాకండి. నొక్కవద్దు, గిల్లవద్దు, రుద్దవద్దు.

3. ఆ తరువాత కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, చివరగా రెండు పాదాల మధ్యవేళ్లు. మొత్తం ఆరు చోట్లు. ఒకసారి తెలియకపోతే మళ్లీ తాకవద్దు.

ఆరింటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లు భావించి డాక్టరుకు చూపించండి. షుగరు లేనివారికి కూడా విటమిన్ బి12 లోపం వలన, ఎక్కువ కాలం సారా తాగడం వలన, కుష్ఠు వలన స్పర్శ పోవచ్చు. కావున "మాకు షుగరు లేదు" అని వదలివేయకండి.

ప్రతిరోజూ చేయవలసినవి

1. సాయంత్రం వెలుతురు ఉండగానే రెండు పాదాలు చూడాలి. అరికాలు, మడమ, వేళ్ల సందులు. పొక్కు, పగులు, ఎరుపు, నలుపు, చెమ్మ ఉన్నాయేమో గమనించాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు. ఇంటివారు చూస్తే ఇంకా మంచిది.

2. సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడగాలి. వేడి ఎంత ఉందో పాదంతో చూడవద్దు. మోచేతితో గాని, స్పర్శ బాగా ఉన్న ఇంకొకరు గాని చూడాలి. ఎక్కువసేపు నానబెట్టవద్దు.

3. వేళ్ల సందుల్లో మెత్తని బట్టతో తడి ఒత్తాలి. అక్కడ చెమ్మ నిలిస్తే పాచిపుండు వస్తుంది.

4. పాదం మీద, మడమకు కొబ్బరినూనె రాయాలి. వేళ్ల సందుల్లో రాయకూడదు.

5. గోళ్లను స్నానం తరువాత మెత్తబడినప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలు లోపలికి కోయవద్దు. చూపు సరిగా లేనివారు తామే కత్తిరించుకోవద్దు.

6. చెప్పులు వేసుకునే ముందు తలకిందులుగా దులిపి, లోపల చేయి పెట్టి చూడాలి. స్పర్శ లేని పాదం రాయిని కనిపెట్టలేదు. చేయి కనిపెడుతుంది.

7. కాళ్లు వాచేవారు కూర్చున్నప్పుడు కాళ్లను స్టూలు మీద పెట్టుకోవాలి. పాదాన్ని పైకి కిందికి పదిసార్లు ఆడించాలి. వాచిన వేళ్లకు మెట్టెలు బిగుసుకుంటే తీసివేయాలి. ఒక కాలు మాత్రమే అకస్మాత్తుగా వాచి నొప్పిగా ఉన్నా, రెండు కాళ్ల వాపుతో ఆయాసం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

చేయకూడనివి

ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు. జిల్లేడు పాలు, సున్నం, అంగట్లో అమ్మే ఆనెకాయల మందులు స్పర్శ లేని పాదానికి పెట్టవద్దు. అవి మంచి చర్మాన్ని కూడా కాలుస్తాయి. ఉప్పు కాపడం, వేడి ఇటుక, వేడినీళ్ల సంచి వద్దు. మన పడమటి మండలాల్లో చలి ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో చలిమంట దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని కాల్చుకున్నవారు వస్తుంటారు. చలికి ఉన్ని మేజోళ్లు చాలు. బీడీ, సిగరెట్టు మానాలి. అవి కాలి రక్తనాళాలను ఇరుకు చేస్తాయి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే అది రక్తప్రసరణ తగ్గిన గుర్తు కావచ్చు. డాక్టరుతో చెప్పండి. కింద పడుకునే ఇళ్లలో ఎలుకల బెడద ఉంటే మంచం గాని, దోమతెర గాని వాడండి.

చెప్పులు ఎలా ఉండాలి?

సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కొంచెం వాచి అసలు కొలత తెలుస్తుంది. కాగితం మీద నిలబడి పాదం గీత గీసుకుని, ఆ కాగితం చెప్పులో ముడుచుకోకుండా పడితే కొలత సరిపోయినట్లు. లోపల మెత్తగా, అడుగున ముల్లు దిగనంత గట్టిగా ఉండాలి. వెనుక పట్టీ ఉండాలి. లేకపోతే స్పర్శ లేనివారికి చెప్పు జారిపోయినా తెలియదు. బొటనవేలి సందులో పట్టీ ఉండే హవాయి చెప్పులు ఆ సందును ఒరుస్తాయి. కొత్త చెప్పులు మొదటి రోజు గంట కంటే ఎక్కువ వేసుకోవద్దు. విప్పి ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. స్పర్శ పోయినవారు ఎం.సి.ఆర్. చెప్పుల గురించి డాక్టరును అడగండి.

ఇంట్లో, వాకిట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. మందిరంలో చెప్పులు బయట విడవడం మన మర్యాద. కాని ఏప్రిల్, మే నెలల్లో ఆరాధన ముగిసేసరికి వాకిటి బండలు కాలుతుంటాయి. స్పర్శ లేని పాదాలతో వాటి మీద నాలుగు అడుగులు వేసినా పొక్కులు వస్తాయి. అలాంటివారికి గుమ్మం దగ్గరే నీడలో చెప్పులు విడిచే చోటు, లోపల వేసుకోవడానికి శుభ్రమైన వేరే జత చెప్పులు సంఘ పెద్దలు అనుమతించాలని మనవి.

పుండు పడితే

ఉప్పు కలిపిన శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన బట్ట కట్టి అదే రోజు ఆసుపత్రికి రండి. ఆ కాలు మీద బరువు వేయవద్దు. ఇది చెప్పడం సులభం, పాటించడం కష్టమని మాకు తెలుసు. ఆవు పాలు పితకాలి, పాలకేంద్రానికి పోవాలి, టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు పంపాలి. కట్టు కట్టించుకుని మరుసటి రోజే పొలానికి పోతే ఎంత ఖరీదైన మందు అయినా పని చేయదు. ప్రతి అడుగూ ఆ పుండును మళ్లీ నలుపుతుంది. కావున మందు చీటీ రోగికి, పని ఇంటివారికి. కొన్ని వారాలు పాలక్యాను కొడుకు మోయాలి, మేకలను ఇంకొకరు తోలుకుపోవాలి. ఆ కొన్ని వారాల సాయం ఒక కాలును నిలబెడుతుంది.

ఇంటిలోని పిల్లలకు ఒక మాట

పెద్దవారి పాదాలు చూసే పని మనవళ్లకు, మనవరాళ్లకు అప్పగించండి. వారి కళ్లు చురుకైనవి, వారి నడుము వంగుతుంది. "అవ్వా, కాళ్లు చూపించు" అని రోజూ సాయంత్రం అడగటానికి రెండు నిమిషాలు చాలు. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఏటా పరిశుద్ధ గురువారం నాడు వింటున్నాము. మన ఇంట్లో ఉన్న పాదాలను చూడటం మనకు చిన్నతనం కాదు.

మీరు ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఏ జబ్బుకు వచ్చినా సరే, చెప్పులు విప్పి "మా పాదాలు కూడా చూడండి" అని అడగండి. షుగరు ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా పాదాల పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గినవారు, ఒకసారి పుండు వచ్చి మానినవారు డాక్టరు చెప్పినట్లు ఇంకా తరచుగా రావాలి. నొప్పి ఉన్న పాదం తానే మాట్లాడుతుంది. నొప్పి తెలియని పాదం తరఫున ఇంటివారే మాట్లాడాలి.