పెరటి కొబ్బరిచెట్టు వాడినప్పుడు

పెరటి బావిచెంత కొబ్బరిచెట్లు గల యిండ్లు మన గుడియాత్తంలో ఇప్పటికిని పెక్కు గలవు. దుకాణపు లెక్క ప్రతిరాత్రి చూచుకొను మనము చెట్టువంక కాయలు దింపునాడు తప్ప చూడము. జబ్బు మన కంట పడునప్పటికి సగము కథ ముగిసియుండును.

మా తండ్రిగారు నాటిన చెట్లు నాలుగుండెను. బావిగట్టు చెట్టుకు క్రింది మట్టలు పసుపెక్కి మానుకు ఆనుకొని వ్రేలాడసాగెను, పిందెలు రాలెను. నీరు చాలలేదని తలచి రెండింతలు నీరు పెట్టించితిని. ఎవరో చెప్పగా పాదులో ఉప్పును వేసితిని. ఏడాది తిరుగకుండ తలమట్టలన్నియు రాలి చెట్టు మోడైనది. కాయలు దింపువాడు వచ్చి, "సేటూ, పైన చూసినారు గాని కింద చూడలేదే!" అనెను. నేలకు జానెడెత్తున బెరడు చీలి, ఎర్రని గోధుమరంగు బంక కారి యెండియుండెను.

లేత ఆకులు విసనకర్రవలె కత్తిరించినట్లున్న అది కొమ్ముపురుగు పని. మానుకు రంధ్రములుండి నమిలిన పీచు బయటికి వచ్చిన, అది ఎర్రముక్కు పురుగు. నడిమొవ్వు వాడి, లాగిన ఊడివచ్చి కంపు కొట్టిన మొవ్వుకుళ్లు. మా చెట్టుది వీనిలో ఏదియు గాదు. అది గానోడెర్మా అను శిలీంధ్రపు తెగులు. 1952లో తంజావూరు జిల్లాలో కనబడినందున తంజావూరు తెగులని పేరు. వేళ్లు కుళ్లి నీరు పైకెక్కదు గనుక, పాదు నిండ నీరున్నను చెట్టు దాహముగొన్నట్లే కనబడును. నేను మోసపోయినది యిక్కడనే. మొదట పుట్టగొడుగు పుట్టినప్పుడు చూతమని కాచుకొనరాదు. కొన్ని చెట్లకు అది రానే రాదు.

అంతకంటె పెద్ద తప్పు మరియొకటి. నేను పెట్టించిన నీరు ఆ పాదునుండి కాలువగా రెండవ చెట్టుకు పోవుచుండెను. ఈ తెగులు నీటివెంటను, వేళ్ల తాకిడిచేతను ప్రాకును. మరుసటి యేడు రెండవదానికిని బంక కనబడెను.

చచ్చిన చెట్టును మొదలంట త్రవ్వి కాల్చవలెనన్నప్పుడు మా యింట పెద్ద పేచీ వచ్చినది. ఏకేంద్రియమైనను జీవమే గదా, మట్టిలోని పురుగులమాట యేమని ఇంటివారు అడిగిరి. గృహస్థుడు విడువవలసినది సంకల్పహింస. ఆరంభహింస పూర్తిగా తప్పదని పెద్దలు చెప్పుదురు. మోడును ఉంచిన తక్కిన మూడును చచ్చును. పగటివేళ మెల్లగా, చూచి చూచి త్రవ్వించితిమి. మరునాటి నుండి పేడకుప్పను పెరటినుండి తీయించితిని. కొమ్ముపురుగు అందులో గ్రుడ్లు పెట్టును గనుక, అది పుట్టకుండ చూచుటే మనకు తగిన మార్గము.

రెండవ చెట్టు చుట్టు నాలుగడుగుల దూరమున రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకము తీయించి, దాని నీరు వేరుచేసితిని. ఏటికి 5 కిలోల వేపపిండి వేయుదును. మైలుతుత్తము 400 గ్రాములు, సున్నము 400 గ్రాములు వేరువేరుగా నీట కరగించి, కలిపి 40 లీటర్లు చేసి, మూడునెలల కొకసారి పాదులో పోయుదును. ట్రైకోడెర్మా వేయువారు దీనితో కలిపి వేయరాదు. తుత్తము దానిని చంపును. కలుపుటకు మట్టికుండగాని ప్లాస్టిక్ తొట్టిగాని కావలెను. మా యినుప బకెట్టు ఒకటి చిల్లులు పడినది.

నాలుగేండ్లయినది. ఆ చెట్టు నయమైనదని చెప్పను. కాపు సగమైనది, బంకమచ్చ మాత్రము పైకి ప్రాకలేదు. తక్కిన రెండింటికి ఇంతవరకు మచ్చ లేదు. నెలకొకసారి వంగి వాని మొదళ్లు చూచుచున్నాను.