వైఫై గుర్తు ఉంది, పేజీ రాదేం?

మొన్న పదో తరగతి అక్కకు పాలిసెట్ దరఖాస్తు ఆఖరి రోజు. వార్డెన్ మేడమ్ బీరువాలోంచి పాత ఫోన్ తీసి ఇచ్చారు. వైఫై గుర్తు నిండుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. అందరం రూటర్ మీద పడ్డాం. ఆపాం, వేశాం, లాభం లేదు. తెర మీద ఏదో హెచ్చరిక వస్తోంది గానీ ఎవ్వరం చదవలేదు!

తీరా చూస్తే ఫోన్‌లో తేదీ 2015. చాన్నాళ్లు చార్జింగ్ లేక గడియారం తప్పింది. ప్రతి మంచి వెబ్‌సైటుకూ ఒక భద్రతా పత్రం ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని దానికి గడువు. ఫోన్ తన తేదీతో పోల్చి చూస్తుంది. 2015 లెక్కన ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, ఎలా నమ్ముతుంది? సెట్టింగ్స్‌లో తేదీ, టైము సరిచేయగానే పేజీ వచ్చింది. అక్క దరఖాస్తు రాత్రి భోజనం బెల్లు లోపే వెళ్లిపోయింది.

వైఫై పేరే కనిపించకపోతే సంగతి వేరు. రూటర్లలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాలుంటాయి. 5 వేగమే, కానీ గోడలు దాటలేక నీరసపడుతుంది. కొన్ని పాత ఫోన్లకైతే అసలు అందదు. డార్మిటరీలోకి 2.4 నయం.

పాస్‌వర్డ్ మార్చాక కలవకపోతే పాత పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కి, కొత్తది కొట్టాలి. ఆ కొత్తది మేడమ్‌నే అడగండి, నన్ను కాదు.