కోస్టు ట్రెయిల్స్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బే ఏరియాలో ఉంటూ శనివారం వచ్చిందంటే సముద్రం వైపు కారు తిప్పని తెలుగువాళ్లు తక్కువ. కానీ చాలామంది పదకొండింటికి చేరి పార్కింగు దొరక్క వెనక్కొస్తారు, దొరికినవాళ్లు టీషర్టుల్లో వెళ్లి వణుకుతూ వస్తారు. కార్మెల్ దాటాక పాయింట్ లోబోస్, శాంటాక్రూజ్ పక్కన వైల్డర్ రాంచ్, అక్కణ్ణించి కాస్త ఉత్తరాన ఆన్యో న్వేవో. ఈ మూడింట్లో పిల్లలతోనూ, ఊరినించి వచ్చిన పెద్దవాళ్లతోనూ తిరిగి పట్టుకున్న కిటుకులివి.

1. ముందు డబ్బుల సంగతి. పార్కింగుకి పది డాలర్లు తీసేముందు మీ ఊరి లైబ్రరీలో స్టేట్ పార్క్స్ పాస్ అడగండి. లైబ్రరీ కార్డు మీద పుస్తకంలాగే ఇస్తారు, 200 పైగా పార్కుల్లో పార్కింగు ఉచితం. మీరు వెళ్లే పార్కు ఆ జాబితాలో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

2. ఈ పాస్‌కి వేసవి సెలవుల్లో గిరాకీ ఎక్కువ. అమ్మావాళ్లకి ఫ్లైట్ టికెట్లు కొన్న రోజే లైబ్రరీలో అడిగి పెట్టుకుంటే వాళ్లొచ్చేసరికి చేతిలో ఉంటుంది.

3. ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లాడో పిల్లో ఉంటే ఆ ఏడాది వదులుకోకండి. వాళ్ల పేరు మీద కాలిఫోర్నియా అడ్వెంచర్ పాస్ తీసుకుంటే కొన్ని స్టేట్ పార్కుల్లో ఏడాది పొడవునా కుటుంబమంతా ఉచితంగా వెళ్లొచ్చు.

4. కారులో 62 ఏళ్లు నిండినవాళ్లుంటే గేటు దగ్గర నోరు తెరిచి చెప్పండి, ఒక డాలరు తగ్గిస్తారు. డాలరే కదా అంటారా, తిరుగు దారిలో మామగారి కాఫీలో సగం ఖర్చు.

5. పాయింట్ లోబోస్ గేటు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు, ఆ టైముకి మీరక్కడ ఉండాలి. సన్నీవేల్ నుంచి సుమారు 80 మైళ్లు. ఆరుంపావుకల్లా బయల్దేరి టిఫిను కారులోనే కానిస్తే పార్కింగు బెంగ ఉండదు.

6. లోపల నిండిపోయిందంటే కంగారుపడి ఇంటికి తిరగకండి. నో పార్కింగ్ బోర్డులు లేనిచోట హైవే వన్ పక్కన కారు ఆపి నడిచి వెళ్తే గేటు దగ్గర రుసుమే ఉండదు. పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు, బళ్లు జోరుగా వస్తాయి.

7. గ్యాస్ గిల్‌రాయ్‌లోనే కొట్టించండి, ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ రేటు ఎక్కుతుంది. (ఆ ఊరు దాటేటప్పుడు కిటికీ దించితే వెల్లుల్లి వాసన, వద్దన్నా ఆకలేస్తుంది.)

8. బ్యాగులూ ల్యాప్‌టాప్‌లూ ఇంట్లోంచే డిక్కీలో పెట్టుకుని బయల్దేరండి. పార్కింగులో అందరూ చూస్తుండగా డిక్కీలోకి సర్దితే ఏది ఎక్కడుందో దొంగకి చూపించినట్టే.

9. వైల్డర్ రాంచ్‌కి హైవే సెవెన్టీన్ మీద వెళ్లేటట్టయితే వరసగా మలుపులే. వాంతులయ్యే పిల్లల్ని ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కించకండి. రెండు ఇడ్లీలు పెట్టి, బుగ్గన అల్లం మురబ్బా పెట్టించండి.

ఇక చలి. విశాఖ బీచిని మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లందరూ దెబ్బతినేది ఇక్కడే.

10. మీ ఊరి వాతావరణం చూసి బట్టలు సర్దకండి. జులైలో మనకి తొంభై డిగ్రీలున్న రోజున అక్కడ మంచు కమ్ముకుని అరవై దాటకపోవచ్చు. ఫోనులో కార్మెల్ అనో శాంటాక్రూజ్ అనో కొట్టి చూడండి.

11. ఒక్క లావుపాటి జాకెట్ కంటే పల్చటివి మూడు మేలు: లోపల బనీను, మీద స్వెట్టరు, ఆపైన గాలి ఆపే విండ్‌చీటరు. ఎండ రాగానే ఒక్కొక్కటీ విప్పి నడుముకి కట్టుకోవచ్చు.

12. ఊరినించి నాన్నగారు తెచ్చుకున్న మంకీ క్యాప్ చూసి నవ్వకండి. మధ్యాహ్నం గాలి లేచాక చెవులకి అంతకన్నా చవకైన కాపుదల లేదు.

13. జీన్స్ వద్దు. తడిస్తే సాయంత్రం దాకా ఆరవు, కాళ్లకి అతుక్కుని చలి పెంచుతాయి.

14. ఎండ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లండి. మంచు తెరలు తగ్గి నీలం నీళ్లు కనిపిస్తాయి, వేసవి సెలవుల రద్దీ కూడా ఉండదు.

15. మబ్బుగా ఉందని సన్‌స్క్రీన్ మానకండి. మంచులోంచి కూడా చర్మం కమిలిపోతుంది, ఇంటికొచ్చాక గానీ తెలీదు.

16. అమ్మనీ అత్తగారినీ చీరలో నడిపించకండి. పాయింట్ లోబోస్‌లో సైప్రస్ గ్రోవ్ దారిలో మెట్లూ రాళ్లూ ఉన్నాయి, కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయి. చుడీదారూ, అడుగున పట్టున్న బూట్లూ ఉంటే వాళ్లే మీకన్నా ముందుంటారు.

17. మోకాళ్ల నొప్పులుంటే నేరుగా వైల్డర్ రాంచ్‌కే తీసుకెళ్లండి. అక్కడి ఓల్డ్ కోవ్ లాండింగ్ దారి చదునుగా ఉంటుంది, రెండున్నర మైళ్లు. ఓపికున్నంత దూరం వెళ్లి వెనక్కి తిరిగినా కొండ అంచునించి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది.

18. ఇడ్లీలకి కారప్పొడి నెయ్యితో కాకుండా నువ్వుల నూనెతో రాయండి. ఆ చలికి నెయ్యి పేరుకుని నోటికి అంటుకుంటుంది, నూనె అలాగే ఉంటుంది.

19. చింతపండు పులిహోరే పట్టుకెళ్లండి, చల్లారినా రుచి పోదు, వేడి చేసే పని లేదు. రాత్రే పులుసు కలిపి ఉంచితే పొద్దున్న నిద్ర అరగంట మిగులుతుంది.

20. పెరుగన్నం విషయంలో మన రైలు ప్రయాణాల కిటుకు ఇక్కడ పనిచెయ్యదు. పాలు పోసి చెంచా తోడు వేసి తీసుకెళ్తే మధ్యాహ్నానికి కూడా తోడుకోదు, పాలన్నమే తినాలి. ఇంటి దగ్గరే గట్టి పెరుగు కలిపెయ్యండి.

21. థర్మాసులో టీ పోసేముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి వంపెయ్యండి. టీ చాలాసేపు పొగలు కక్కుతుంది, నలుగురికీ బయట కొనే ఖర్చు తప్పుతుంది.

22. పాయింట్ లోబోస్‌లో ఎక్కడ పడితే అక్కడ దుప్పటి పరిచి డబ్బాలు తెరవకూడదు. వేలర్స్ కోవ్, పైనీ వుడ్స్, బర్డ్ ఐలాండ్ వైపు ఉన్న పిక్నిక్ చోట్లలోనే తినాలి. భోజనం వేళకి అక్కడుండేలా నడక చూసుకోండి.

23. సంచి జిప్పు పూర్తిగా వేసే ఉంచండి. అక్కడి ఉడతలూ సీగల్ పక్షులూ ఆరితేరిపోయాయి, చక్రాలో జంతికలో కనిపిస్తే మీరు తలతిప్పేలోగా మాయం. జాలిపడి మీరే పెట్టడం మాత్రం చెయ్యకండి, నిషేధం.

24. లోపలికి వెళ్లగానే ముందు బాత్‌రూము పని కానిచ్చేయండి. టిష్యూలు, శానిటైజరు, మనవాళ్ల కోసం ఒక ఖాళీ నీళ్ల సీసా వేరే సంచిలో ఉంటే ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

25. ఒడ్డున సిగ్నల్ సరిగ్గా రాదు. ఇంట్లోనే మ్యాపు ఫోనులోకి దించుకోండి, గేటు దగ్గర దారుల బోర్డుని ఫొటో తీసుకోండి.

26. రాళ్ల మడుగుల్లో నత్తలూ స్టార్ ఫిష్‌లూ చూడాలంటే ఆటు సమయం తెలుసుకుని వెళ్లాలి, నోవా వాళ్ల పట్టికలో ఉచితంగా దొరుకుతుంది. బాగా లోతుగా వెనక్కి తగ్గే ఆటు ఎండాకాలంలో తెల్లవారుజామునా, చలికాలంలో మధ్యాహ్నంపూటా వస్తుంది. పిల్లలకి నిద్ర ముఖ్యమైతే చలికాలమే నయం.

27. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగకండి. కాసేపు నెమ్మదిగా ఉండి ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి లాక్కుపోతుంది, నీళ్లు 55 డిగ్రీల చుట్టూ ఉంటాయి, ఈత వచ్చినా చేతులు పనిచెయ్యవు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందని లెక్క, ఇవతలే నిలబడండి.

28. మూడేసి ఆకులు గుత్తిగా ఉన్న మొక్క దారిపక్కన కనిపిస్తే ముట్టుకోకండి, అది పాయిజన్ ఓక్. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలున్నా దురద తప్పదు.

29. పొరపాటున తగిలితే అంట్లు తోమే సబ్బే మందు. దాని జిడ్డు వదలాలి కాబట్టి చన్నీళ్లతో, వీలైనంత తొందరగా కడగాలి. చిన్న సీసాలో పోసి కారులో పెట్టుకోండి.

30. గడ్డి దారుల్లో లేతరంగు ప్యాంటు వేసి, అంచులు సాక్సులోకి దోపండి. పురుగు ఎక్కితే తెల్లటి బట్టమీద ఇట్టే కనిపిస్తుంది.

31. సైప్రస్ గ్రోవ్‌లో కొమ్మల మీద నారింజరంగు చూసి పిల్లలు రంగేశారా అంటారు, అది ఒకరకం నాచు. ఆ మాంటెరీ సైప్రస్ చెట్లు సహజంగా పెరిగే చోట్లు ప్రపంచం మొత్తంమీద రెండే, ఇదొకటి, కాస్త ఉత్తరాన పెబుల్ బీచ్ వైపు ఇంకొకటి. 1933లో స్టేటువాళ్లు తీసుకున్నారు కాబట్టి మనకి మిగిలాయి. ఒక్క దారే నడిచే ఓపికుంటే అదే నడవండి, ముప్పావు మైలు చిల్లరే.

32. గవ్వా రాయీ పువ్వూ ఏదీ తేకూడదు. ఈ మాట పిల్లలకి ఇంట్లోనే చెప్పి ఫొటోలకి పాత ఫోను చేతికివ్వండి, అక్కడ ఏడుపులుండవు.

33. ఒక బైనాక్యులర్ చాలు, వంతులేసుకోండి. దూరంగా అరుస్తున్నవి సీ లయన్స్, ఒడ్డున కిక్కురుమనకుండా పడుకున్నవి సీల్స్. జనవరిలో అయితే నీటి చిమ్ములు కనిపిస్తాయేమో చూడండి, తిమింగలాలు దక్షిణానికి పోయే కాలం.

34. ఏనుగు సీల్స్ చూడాలంటే ఆన్యో న్వేవోకి ముందే బుక్ చెయ్యాలి: డిసెంబరు 15 నుంచి మార్చి 31 దాకా గైడుతోనే పంపుతారు, సుమారు రెండున్నర గంటల నడక. గొడుగులు తేనివ్వరు, రెయిన్‌కోటు పెట్టుకోండి.

35. కాళ్లకంటిన ఇసక నీళ్లతో కడిగితే కారంతా బురద. టాల్కం పౌడరు చల్లి తువ్వాలుతో దులిపితే గలగలా రాలిపోతుంది.

36. కళ్లజోళ్ల మీద పడిన ఉప్పుని పొడిగుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు మంచినీళ్లు చిలకరించి, ఆ తర్వాత తుడవండి.

37. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి రాత్రంతా వదిలెయ్యండి. డ్రయర్ కరెంటు మిగులుతుంది, బూట్లు విడిపోవు.

38. స్ట్రాబెర్రీలు వెళ్లేటప్పుడు కొనకండి, కారు వేడికి నీరుగారతాయి. వచ్చేటప్పుడు వాట్సన్‌విల్ దగ్గర రోడ్డుపక్క బళ్ల మీద తీసుకోండి, తాజాగా ఉంటాయి.

39. ఇంటికి రాగానే ట్రెయిల్ బట్టల్ని సోఫా మీద పడెయ్యకుండా నేరుగా వాషింగ్ మెషీన్లో, వేరేగా, వేడినీళ్లలో వేసెయ్యండి. పాయిజన్ ఓక్ జిడ్డు బట్టల మీద రోజుల తరబడి ఉంటుంది, ఉతికే మీకు దురద ఎందుకు?