పాత పాటల జోలికి పోకు అల్లుడూ

రామతీర్థం

చిరంజీవి బుజ్జికి,

మీ అత్తకి మోకాళ్ళ నొప్పులు. బోడికొండ మెట్లెక్కడం మానేసి, కింద గుళ్ళో రాములవారికే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తోంది. నువ్వు పంపిన నూనె పనిచేస్తోందనే అంటోంది. నిజంగా పనిచేస్తోందో, నువ్వు పంపావని అలా అంటోందో నాకు తెలీదు.

అసలు సంగతికొస్తాను. మొన్న మీ అమ్మ ఫోన్లో కందిపప్పు ధర గురించి చెబుతూ చెబుతూ, మధ్యలో ఒక మాట అనేసింది. "వాడు తన బ్యాండు పాత పాటలన్నీ నెట్‌లోంచి తీసేస్తాడట అన్నయ్యా. కొత్త సింగరొచ్చాడు కదా, ఇప్పుడవి పరువు తక్కువట." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వకు. నువ్వు ఇంజినీరింగు మానేస్తానన్న రోజున కూడా నేను హాయిగా నిద్రపోయాను, కావలిస్తే మీ నాన్ననడుగు.

"మా సౌండు మారింది మావయ్యా" అని పోయిన నెల నువ్వు రాసినప్పుడు నాకు సంతోషమే వేసింది. మారకపోతే అదేం బ్యాండు? కొత్త పాటలు నాకు ఎక్కలేదన్నది వేరే సంగతి. ఆ గిటారు అరుపు మొదలవగానే మన కుక్క మంచం కిందకి దూరింది. అయినా రెండుసార్లు విన్నాను. రెండోసారి గొంతు వెనకాల ఎక్కడో, సన్నగా, మీ అమ్మమ్మ దంపుళ్ళ పాట వరస వినబడింది. నువ్వు కావాలని పెట్టావో, దానంతటదే వచ్చిందో, ఈసారి వచ్చినప్పుడు చెప్పు. అది విని మీ అత్త చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, నాకు జలుబు.

మారడం తప్పని నేననను. చెరపడం తప్పు. మారావని తెలియాలంటే ముందు ఎలా ఉండేవాడివో వినబడాలి కదా!

మీ హైదరాబాదులోనే చూడు. చౌరస్తా బ్యాండు ఉంది. 2020లో కరోనా మీద వాళ్ళు పాడిన ‘చేతులెత్తి మొక్కుతా’ మన నెల్లిమర్ల సంతలో కూడా మోగింది. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాలకెళ్ళాడు. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, మరుసటేడు ‘డీజే టిల్లు’. చిట్టి విన్న కుర్రాడు, ఈ గొంతు ఇంతకుముందు ఎక్కడుందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళితే చౌరస్తా వాళ్ళ ‘ఊరెళ్ళిపోతా మామ’ దగ్గర తేలతాడు. అది తీసేసి ఉంటే వాడెక్కడ తేలాలి?

నాకీ పాత రికార్డుల పిచ్చి ఎప్పుడు పట్టిందో నీకు చెప్పానో లేదో. చెప్పే ఉంటాను, మళ్ళీ విను. విజయనగరం కోట దగ్గర ఒక ప్లీడరుగారింట్లో గ్రామఫోను ఉండేది. నేను కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగేవాడిని. సూది మార్చడం నా పని. లక్క ప్లేటు తిరుగుతుంటే దుమ్ము కాలినట్టు ఒక వాసన వచ్చేది. అక్కడే నేను ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విన్నది. విజయనగరంలో సంగీత కళాశాల పెట్టిన 1919లోనే ఆయన అక్కడ వయొలిన్ చెప్పడానికి చేరారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. కచేరీలో ఆయన రాగం ఎత్తుకుంటే టైము తెలిసేది కాదని ప్లీడరుగారు చెప్పేవారు. ప్లేటు మీద మాత్రం ఒక్కో పక్కా మూడు నిమిషాల పైచిలుకు, అంతే. అంత మహానుభావుడూ ఆ మూడు నిమిషాలకి తగ్గట్టు రాగాన్ని కుదించి, మెరుపులా వాయించి వెళ్ళిపోయాడు. 

ఒకరోజు ప్లేటు మధ్యనున్న లేబులు చదివాను. కృతి పేరుంది, రాగం పేరుంది, నాయుడుగారి పేరుంది. మృదంగం ఎవరిదో లేదు. ఏ సంవత్సరంలో వాయించారో లేదు. "మృదంగం ఎవరండీ?" అనడిగాను. "ఎవరో ఒకరు లేరా" అన్నారాయన. ఎవరో ఒకరేటి? ఆ తనియావర్తనం లేని మూడు నిమిషాల్లో, అడుగు వెనకే అడుగు వేస్తూ నాయుడుగారి నీడలా వెళ్ళిన మనిషి అతను. అతనికి ఇల్లూ వాకిలీ, పెళ్ళాం పిల్లలూ ఉండే ఉంటారు. ఇన్నేళ్ళయినా ఆ "ఎవరో ఒకరు" నన్ను వదల్లేదు.

ఇప్పుడు నువ్వు ఎగిరిపడే సంగతి చెబుతాను. నీకు దేవుళ్ళు కదా బీటిల్స్. విశాఖపట్నం పోర్టులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు మా ఆఫీసులో ఒకాయనకి ఓడల వాళ్ళ దగ్గర ఎల్పీలు కొనే అలవాటు. ఆయన గదిలోనే నేను వాళ్ళని విన్నాను. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. అట్ట వెనక్కి తిప్పి పేర్లు చదవడం మాత్రం మానలేదు.

వాళ్ళ మొదటి సింగిల్ ‘లవ్ మీ డూ’ ఉంది చూశావూ, దాన్ని 1962లో ముగ్గురు డ్రమ్మర్లతో మూడుసార్లు రికార్డు చేశారు. జూన్ 6న పీట్ బెస్ట్. ఆగస్టులో అతన్ని తీసేశారు. సెప్టెంబరు 4న రింగో స్టార్. అతని వాయింపు కూడా స్టూడియో వాళ్ళకి ఆనలేదు. సరిగ్గా వారానికి, 11న, ఆండీ వైట్ అనే కూలికి వాయించే ఆయన్ని కూర్చోబెట్టి, రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. పాపం రింగో! మొదట సింగిల్‌గా వచ్చింది రింగో వాయించినది, తర్వాత ఆల్బంలోకి ఎక్కింది ఆండీ వైట్ వాయించినది. పాటలో గలగలమని టాంబరిన్ వినబడితే ఆండీ వైట్, లేకపోతే రింగో. ఆనవాలు అదే. పీట్ బెస్ట్‌ది 1995 దాకా బయటికి రాలేదు, ‘ఆంథాలజీ’లో వచ్చింది. ముప్ఫై మూడేళ్ళు ఆ రికార్డింగు ఎక్కడో చెరగకుండా మిగిలింది కాబట్టి వచ్చింది. తేదీలు ఎవరో రాసిపెట్టారు కాబట్టి రామతీర్థంలో కూర్చున్న నేను నీకు చెప్పగలుగుతున్నాను.

తేదీ లేకపోతే ఎంత పొరబడతామో ఇంకోటి చెబుతాను. ‘లెట్ ఇట్ బీ’ 1970 మేలో వచ్చింది. అదే ఆఖరిది అనుకుంటారందరూ. కానీ అందులో చాలామటుకు 1969 జనవరిలోనే చేసినది. ఆ తర్వాత కూర్చుని చేసిన ‘అబీ రోడ్’ ముందే, 1969 సెప్టెంబరులోనే వచ్చేసింది. వాళ్ళు పోట్లాడుకుంటూ విడిపోయారా, ఆఖర్న ఒక్కసారి సర్దుకుని చక్కగా వాయించి విడిపోయారా అన్నది ఆ తేదీల్లోనే ఉంది.

1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో పది పాటలు రికార్డు చేశారు కదా, మొదటి ఆల్బంకి. చివరిపాటకి లెన్నన్ గొంతు జలుబుతో బొంగురుపోయింది. ఆ బొంగురే అట్టే ఉంచేశారు. నాలుగేళ్ళకి ‘సార్జంట్ పెప్పర్’కి నెలలు నెలలు స్టూడియోలో కూర్చున్నారు. తరవాత ఆ మొదటిది పిల్లచేష్టలని సిగ్గుపడి తగలబెట్టారా? నీ మొదటి పాటల్లో శ్రుతి కాస్త తగ్గిందంటావు. తగ్గింది, నాకూ తెలుసు. ఆ తగ్గిన శ్రుతిలోనే నువ్వు పంతొమ్మిదేళ్ళ కుర్రాడివి. ఆ కుర్రాడంటే నాకిష్టం. వాడు మా ఇంట్లో, మా అరుగు మీద, చలిమిడి తింటూ ఆ పాట కట్టాడు.

నా సంగతి కూడా విను. పైడితల్లమ్మ పండగకి విజయనగరంలో ఆర్కెస్ట్రాలు పెట్టేవారు. ఒకదాంట్లో నేను బాంగోలు కొట్టేవాడిని. మీ అత్త నన్ను పెళ్ళికి ముందు చూసింది అక్కడే, ఆ సంగతి నీకు చెప్పద్దంది. ఒకసారి మా ప్రోగ్రాం అంతా ఒక స్నేహితుడు క్యాసెట్‌లో పట్టాడు. క్యాసెట్ వెనకవైపు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, నువ్వు చూసి ఉండవు. వాటిని విరిచేస్తే ఆ టేపు మీద ఇంక రికార్డు చేయడం కుదరదు. నేను గోరుతో విరిచేసి మరీ బీరువాలో పెట్టాను. అయినా మీ అత్త ఆ కన్నాల మీద అతుకు కాయితం అంటించి, రేడియోలో వచ్చే హరికథ దాని మీద పట్టేసింది! హరికథ బాగానే ఉంది. మధ్యలో ఒక్కచోట, కథకుడు గుక్క తిప్పుకున్న దగ్గర, నా బాంగో రెండు దెబ్బలు ఇంకా వినిపిస్తాయి. నిజమో, నా చెవి భ్రమో. మీ అత్త భ్రమేనంటుంది.

అదే లెన్నన్ ఇంట్లో పియానో దగ్గర కూర్చుని 1970ల చివర్లో ఒక మామూలు క్యాసెట్‌లో పాడుకున్న పాట చూడు. ఆయన పోయాక భార్య ఆ టేపు మిగతా ముగ్గురికీ ఇచ్చింది. 1995లో వాళ్ళు ప్రయత్నించి, పియానోలోంచి గొంతుని విడదీయలేక వదిలేశారు. మధ్యలో జార్జి హారిసన్ కూడా పోయాడు. 2023 నవంబరులో కంప్యూటరుతో గొంతుని విడదీసి, హారిసన్ 1995లో వాయించిన గిటారు కలిపి, ‘నౌ అండ్ దెన్’ అని విడుదల చేశారు. ఇవాళ నువ్వు పనికిరాదనే ట్రాకులో రేపు ఏం తీస్తారో నీకేం తెలుసు?

అంత దూరం ఎందుకు, ఢిల్లీ ఇండియన్ ఓషన్ బ్యాండు వాళ్ళని చూడు. 1993లో మొదటి ఆల్బం, 2000లో ‘కందీసా’. ఆ రెంటికీ పోలికే లేదు. పాడుతూ తబలా వాయించే అసీమ్ చక్రవర్తి 2009 క్రిస్మస్ రోజున పోయాడు. మరుసటేడు ‘16/330 ఖజూర్ రోడ్’ పాటల్ని నెలకొకటి చొప్పున నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. మనిషి లేడు, గొంతుంది, తబలా ఉంది. ఇప్పుడా బ్యాండులో కొందరు మనుషులు వేరు. అయినా పాత పేర్లు పాత పాటల కింద అలాగే ఉన్నాయి.

ఇంక నీ డ్రమ్ముల కుర్రాడి సంగతి. వాడికీ నీకూ పడలేదని విన్నాను. డబ్బు దగ్గర అట. అందులో నేను దూరను. కానీ వాడి పేరు పాటల కింద నుంచి తీసేశావని మీ చెల్లి చెప్పింది. అది నాకు నచ్చలేదు, బుజ్జీ. గట్టిగానే చెబుతున్నాను. ఆ మూడో పాటలో, పల్లవి అయ్యాక వాడొక దరువు వేస్తాడు, మన తప్పెటగుళ్ళ దరువు, గుండె మీద కొట్టినట్టు. అది నువ్వు నేర్పలేదు, వాడు తెచ్చాడు. వాడితో మాట్లాడకపోతే మానెయ్, పేరు మాత్రం తిరిగి పెట్టు. "ఎవరో ఒకరు" అని చెప్పే రోజు రానీయకు.

చిరాకు పడకు. రాస్తూ రాస్తూ గొంతు పెద్దదైంది, ఎదురుగా ఉంటే ఈపాటికి నీ బుర్ర నిమిరేవాణ్ణి. తిండి సరిగ్గా తింటున్నావా? ఫొటోలో దవడలు కనిపిస్తున్నాయి. రాత్రి రెండింటి దాకా మిక్సింగులు, పొద్దున్న టీ, మధ్యాహ్నం బిర్యానీ. మీ అమ్మకి చెప్పనులే.

చేయవలసింది ఇది. ఫోన్లోకొచ్చే ఎంపీత్రీలు కాదు, స్టూడియో వాళ్ళ దగ్గరున్న అసలు ఫైళ్ళు, గొంతు వేరుగా, డ్రమ్ములు వేరుగా ఉన్నవి, అన్నీ అడిగి తెచ్చుకో. డబ్బు బాకీ ఉంటే చెప్పు. ఒక్కో పాటకీ ఒక కాగితం రాయి. ఏ తేదీ, ఏ ఊరు, ఎవరేం వాయించారు, ఎన్నోసారి పాడింది ఉంచారు. ఇంటిపేర్లతో సహా. చాయ్ తెచ్చిన కుర్రాడు చప్పట్లు కొట్టి ఉంటే వాడి పేరు కూడా.

శివరాత్రి జాతరకి వస్తానన్నావు. రా. ఆ డ్రమ్ముల కుర్రాడు వస్తానంటే వాణ్ణి కూడా తీసుకురా, పడుకోడానికి మేడ మీద గది ఖాళీగానే ఉంది, పోట్లాడుకోవాలంటే డాబా ఉంది. మీ అత్త అరిసెలు చేస్తానంటోంది. హార్డ్ డిస్కుకి డబ్బులు మీ అమ్మ ఖాతాలో వేశాను. ఒకటి కాదు, రెండు కొను. ఒకటి నీ దగ్గర ఉంచు, రెండోది నా బీరువాలో పెడతాను. తాళం ఈసారి మీ అత్తకి ఇవ్వను.

ఇట్లు
మీ మావయ్య